తండ్రి కాబోయేవాడికి తెలుగులో మాటేది?

పోయిన మార్చిలో మా అక్కకి గాజులు తొడిగాం. మద్రాసులో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగిల్లు మాది. సీమంతం ఎక్కడ ఆగుతుందో, వళైకాప్పు ఎక్కడ మొదలవుతుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. అమ్మ సీమంతం అంటుంది, పక్కింటి ఆంటీ వళైకాప్పు అంటుంది, ఇద్దరూ ఒకే గిన్నెలోంచి గంధం తీసి పూస్తారు. ఆ రోజు హాల్లో నలభై మంది ఆడవాళ్ళు. పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం, చక్కెర పొంగలి, పెరుగన్నం. అక్కకి మోచేతుల దాకా ఎర్ర గాజులు, పచ్చ గాజులు. మగవాళ్ళందర్నీ బయటికి పంపేశారు.

చెత్తబుట్ట ఖాళీ చేద్దామని నేను బయటికొస్తే మా బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అన్నం ప్లేటు. హోసూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చినవాడు. నన్ను చూసి, "ఏమ్మా, లోపల ఇంకా ఎంతసేపు?" అన్నాడు. "ఇంకో గంట" అన్నాను. కొంచెం ఆగి, "అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు. నేను నవ్వేసి, "తినండి బావా" అని లోపలికెళ్ళిపోయాను.

ఆయన అడిగింది ఆ గంట గురించి కాదని నాకు అర్థమవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. ఆ రోజు నవ్వినందుకు నేను కట్టుకుంటున్న జరిమానా అనుకోండి ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్ళు పక్కనున్న కవిత చదువుకోవచ్చు. మన ఇళ్ళల్లో బిడ్డ కోసం సిద్ధమవడం ఏడో నెలలో, ఆడవాళ్ళ మధ్య మొదలవుతుంది. అది మొదలవాల్సింది నెల తప్పకముందే, మూడు నెలల ముందే, ఇద్దరి మధ్య. అంత ముందు మొదలుపెట్టకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టే రాస్తున్నా.

తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ కాబట్టి ముందు మాటల సంగతి. కడుపుతో ఉన్న ఆడదానికి మన భాషలో ఎన్ని పేర్లో చూడండి. చూలాలు, నిండు చూలాలు, గర్భిణి, కాన్పయ్యాక పురిటాలు, బాలింత, పచ్చి బాలింత. "నెల తప్పింది", "వేవిళ్ళు పడుతోంది", "నీళ్ళాడింది". మా అవ్వయితే "అది ఒట్టి మనిషి కాదు" అంటుంది. మరి ఆమె పక్కనున్న మొగుడో? ఆయన తొమ్మిది నెలలూ ఒట్టి మనిషే. తండ్రి కాబోయేవాడికి వాడుకలో ఒక్క మాట కూడా నాకు దొరకలేదు. తమిళంలో ఏమైనా ఉందా అని నాన్నని అడిగాను. ఆలోచించి, "అప్పా ఆగప్పోఱాన్" అన్నాడు, అంటే నాన్న కాబోతున్నాడు అని. అది పేరు కాదుగా, వార్త. ఒక్క పురిటి మైల మాత్రం తండ్రికీ, ఆయన వైపు దాయాదులకీ అందరికీ అంటుతుంది. పని పంచుకోవడానికి లేని పేరు మైల పంచుకోవడానికి దొరికింది మనకి.

ఇంకో సంగతి. సీమంతం అసలు పేరు సీమంతోన్నయనమనీ, సీమంతం అంటే పాపిట అనీ క్లాసులో మేడమ్ చెప్పారు. ఆ సంస్కారంలో ముఖ్యమైన పని భార్య జుట్టుకి పాపిట తీయడం. తీయాల్సింది ఎవరు? భర్త. అంటే శాస్త్రం ప్రకారం కూర్చోవాల్సిన మనిషిని మేము మెట్ల మీద కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టాం. శాస్త్రం మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, పాతకాలం వాళ్ళే ఆయన్ని లోపల ఉంచారు కదా అనిపించింది.

ఇప్పుడు అసలు కథ. దీపావళికి అక్క మా ఇంటికొచ్చింది, అప్పటికి మూడో నెల. బావ ఒక్క రోజుండి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మకి సెలవు దొరక్క అక్కని ఆస్పత్రికి నేను తీసుకెళ్ళాను. రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 8.6. గర్భిణికి 11 ఉండాలి. రక్తం గ్రూపు ఏ నెగెటివ్. డాక్టరమ్మ తలెత్తి, భర్త గ్రూపు ఏమిటని అడిగింది. అక్కకి తెలీదు. బావకి ఫోన్ చేశాం. లైన్లో మిషన్ల చప్పుడు. "ఓ అనుకుంటా... స్కూలు ఐడీ కార్డు మీద ఉండేది" అన్నాడు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి తమిళంలో ఒక మాట అన్నది: "రెండు పేరుం మున్నాడియే వందిరుక్కణుం." ఇద్దరూ ముందుగానే వచ్చి ఉండాల్సింది అని. కోపంగా కూడా అనలేదు. రోజుకి ఎంతమందికి చెప్తుందో పాపం.

బావ పరీక్ష చేయించుకుని చెప్పడానికి పది రోజులు పట్టింది. బీ పాజిటివ్. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ అయ్యే అవకాశముంది. బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే తల్లి శరీరం దాన్ని శత్రువనుకుని ఆయుధాలు తయారుచేసి దాచుకుంటుంది. మొదటి బిడ్డకి సాధారణంగా ఏమీ కాదు, తర్వాతి బిడ్డకే ప్రమాదం. 28 వారాలప్పుడు ఒక ఆంటీ-డి సూది, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి వేస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. ఇంత చిన్న విషయం. ఇద్దరి గ్రూపులూ పెళ్ళి నాడే తెలిసుండాలి. మా అక్క పెళ్ళికి ముందు వాళ్ళిద్దరి జాతకాలూ ముగ్గురికి చూపించారు. నాడి కలిసిందట, గణం కలిసిందట. రక్తం గ్రూపు ఎవరూ అడగలేదు.

రక్తం తక్కువ ఉండటం మా అక్క ఒక్కదాని కథ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఈ వ్యాసం చదువుతూ నిలబడ్డ మనలోనూ సగం మందికి పైగా ఉండొచ్చు. హాస్టల్లో టిఫిన్ మానేసి కాఫీతో సరిపెట్టుకునేవాళ్ళు కొంచెం ఎక్కువసేపు నిలబడండి. నెల తప్పాక 8.6 నుంచి 11కి ఎక్కడం మెట్లెక్కడం లాంటిది కాదు, అప్పటికే రక్తం రెండు ప్రాణాలకి సరిపోవాలి. ముందే ఎక్కించుకుంటే సులువు. పైగా మా అక్క ఇనుము మాత్ర వేసుకుని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేది. కాఫీ, టీ, పాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయో ఉసిరికాయో తింటే పడుతుంది. ఆ సంగతి ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పేదాకా మా ఇంట్లో ముగ్గురు గ్రాడ్యుయేట్లకి తెలీదు.

ఫోలిక్ ఆమ్లం సంగతి ఇంకా అన్యాయం. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న అనుమానమే ఉండదు. అందుకే రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచే వేసుకోవాలంటారు. చాలా చౌక మందు అది. మా అక్క మొదలుపెట్టింది మూడో నెలలో. అదృష్టం బాగుండి పాపకి ఏమీ కాలేదు. కానీ అదృష్టాన్ని ఏర్పాటు అని ఎలా అంటాం? రుబెల్లా టీకా కూడా అంతే. కడుపుతో ఉన్నప్పుడు వేయరు, వేయించుకున్నాక ఒక నెల ఆగాలి. ముందే ఆలోచించినవాళ్ళకే అది వీలవుతుంది.

ఇదంతా ఆడవాళ్ళ పట్టీయే కదా, ఇందులో మగవాడేం చేస్తాడు అంటారా? మా క్లాసులో ఒకమ్మాయి సరిగ్గా ఇదే అడిగింది. మగవాడి శుక్రకణం తయారవడానికి రమారమి రెండున్నర నెలలు పడుతుంది. అంటే ఈరోజు తాగే సిగరెట్టు, పుగాకు, మందు మూడు నెలల తర్వాతి లెక్కలోకి వస్తాయి. మా బావకి గుట్కా అలవాటు ఉండేది. అక్కకి బొప్పాయి తినొద్దు, అనాస తినొద్దు, గ్రహణం చూడొద్దు అని అరవై ఆంక్షలు పెట్టిన మా పెద్దవాళ్ళలో ఒక్కరూ బావతో గుట్కా మానమనలేదు. పాలల్లో కుంకుమపువ్వు మాత్రం తెప్పించారు, బిడ్డ ఎర్రగా పుట్టాలని. ఆ ఖరీదుతో ఇద్దరికీ అన్ని రక్త పరీక్షలూ అయిపోయేవి. ఇక ఆడపిల్లా మగపిల్లాడా అన్నది తేలేది తండ్రి ఇచ్చే క్రోమోజోముతోనే అని పదో తరగతిలో అందరం చదువుకున్నాం. అయినా ఆడపిల్ల పుట్టిందని ఫోన్లో చెప్తే ఒక దూరపు బంధువు "పోనీలే, అక్క వయసు చిన్నదేగా" అని నన్ను ఓదార్చింది. నేను ఏడవట్లేదు మరి.

ఇక పుట్టిల్లు. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే మా అవ్వ ఈ గోడపత్రిక ఫోటో తీసి చూపించమంటుంది.

మొదటి కాన్పు పుట్టింట్లో అన్న ఆచారాన్ని నేను తప్పుపట్టను. అవ్వ చెప్పే లెక్క నాకు అర్థమవుతుంది. "అత్తింట్లో ఉంటే తొమ్మిదో నెల్లో కూడా పిండి రుబ్బించేవాళ్ళే. అమ్మ దగ్గరైతే కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది" అంటుంది. నిజమే. ఆడపిల్లకి ఆ మూడు నాలుగు నెలల విశ్రాంతి ఎవరో దయతో ఇచ్చింది కాదు, ఆచారం పేరు పెట్టి పాతకాలం తల్లులు లాక్కున్నది. దాన్ని తీసేయమనే హక్కు నాకు లేదు. నా గొడవల్లా ఒక్కటే. ఆ ఆచారం అమ్మాయికి సెలవిచ్చేటప్పుడు తండ్రికి కూడా సెలవిచ్చేసింది. మార్చిలో గాజులు తొడిగించుకుని మా ఇంటికొచ్చిన అక్క, పాపకి అయిదో నెల నిండాక అక్టోబరులో హోసూరు వెళ్ళింది. ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో బావ వచ్చింది ఆరుసార్లు. ప్రతిసారీ పళ్ళ సంచీతో వచ్చాడు, హాల్లో కుర్చీలో కూర్చున్నాడు, కాఫీ తాగాడు. అల్లుడికి మర్యాద చెయ్యాలని మేము కూడా ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. తన బిడ్డ ఉన్న ఇంట్లో ఆయన చుట్టం.

కాన్పు రోజు సంగతి చెప్తాను. మే నెలాఖరు. రాత్రి పదింటికి అక్కకి నీరు పోయింది. ఆటోలో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. లోపలికి అమ్మని రానిచ్చారు. బావకి ఫోన్ చేస్తే అప్పటికప్పుడు బస్సెక్కాడు. పాప తెల్లవారుజామున నాలుగింటికి పుట్టింది. బావ పదకొండింటికొచ్చాడు. మగవాళ్ళని సాయంత్రం విజిటింగ్ టైములోనే లోపలికి పంపుతామన్నారు. ఆ మండుటెండలో వేపచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడ్డాడు. తర్వాత పాపని చేతికిస్తే వద్దన్నాడు. "పడేస్తానేమో" అన్నాడు. పక్క మంచం ఆవిడ నవ్వింది. నేను కూడా నవ్వాను, ఇది రెండోసారి.

ఆస్పత్రిని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఒక గదిలో ఆరుగురు ఆడవాళ్ళు నొప్పులు పడుతుంటే, మధ్యలో తెర కూడా లేకపోతే, ఇంకొకరి మొగుడు లోపలికి రావడానికి నేనైనా ఒప్పుకోను. కాన్పు గదిలో తోడు ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. సాధారణంగా ఆ తోడు ఆడమనిషి అయ్యుండాలి. ఒక్కొక్కరికీ మరుగు ఉన్న చోట భర్తని కూడా అనుమతించొచ్చని ఆ మార్గదర్శకాల్లో ఉంది. కాబట్టి మనం అడగాల్సింది మగవాళ్ళకి తలుపులు తెరవమని కాదు, ముందు ఆడవాళ్ళకి తెరలు కట్టమని. తెరలుంటే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

సెలవు మాట కూడా ఉంది. 2017 సవరణ తర్వాత పది మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట తల్లికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజులు. ప్రైవేటు కంపెనీలో తండ్రికి సెలవివ్వాలన్న కేంద్ర చట్టమేదీ లేదు, ఇస్తే యజమాని మంచితనం. మా బావ పనిచేసేది కారు విడిభాగాల ఫ్యాక్టరీలో. మూడు రోజులిచ్చారు. అందులో ఒక రోజు వేపచెట్టు కింద పోయింది. కూలికి వెళ్ళేవాళ్ళకి ఆ మూడు రోజులు కూడా ఉండవు, ఒక రోజు మానితే ఒక రోజు కూలి పోతుంది. "మగాళ్ళు బాధ్యత తీసుకోరు" అని గట్టిగా అనేముందు ఇది కూడా గుర్తుంచుకోవాలి. చట్టం కూడా మా అవ్వలాగే ఆలోచిస్తోంది, బిడ్డ అంటే అమ్మ పని అని.

అక్టోబరులో అక్క హోసూరు వెళ్ళింది. పాప బావని చూస్తే ఏడ్చేది. ఎత్తుకుంటే ఇంకా ఏడ్చేది. తప్పు పాపది కాదు, అయిదు నెలల్లో నాలుగైదుసార్లు చూసిన మనిషి ఆయన. దాంతో స్నానం, పాలు, నిద్ర, రాత్రి మేలుకోవడం అన్నీ అక్క మీదే పడ్డాయి. ఇక్కడైతే అమ్మ, అవ్వ, నేను ఉండేవాళ్ళం. అక్కడ బావకి నైట్ షిఫ్టు. ఒక రాత్రి రెండింటికి అక్క నాకు మెసేజ్ పెట్టింది: "నాకు ఏదీ బాగోలేదు. పాపని చూస్తే కూడా బాగోలేదు." నేను పొద్దున చూశాను. ఆ నాలుగు గంటల మధ్య ఏమైనా అయ్యుంటే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అవ్వకి చెప్తే "బాలింతలకి అంతే, సర్దుకుంటుంది" అన్నది. కాన్పయిన మొదటి వారం పది రోజులు ఊరికే ఏడుపు రావడం మామూలే, అది పోతుంది. కానీ రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే అది జబ్బు. మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, మందుంది, తగ్గుతుంది. 14416 నంబరుకి, అదే టెలీ మానస్‌కి, ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు, మన భాషల్లోనే. ఆ నంబరు నాకు మా కాలేజీ నోటీసు బోర్డు మీద దొరికింది, బావకి పంపాను. ఆయన ఫోన్ చేశాడు. తర్వాతి వారం అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, ఈసారి ఇద్దరూ కలిసి వెళ్ళారు. బావ సూపర్‌వైజరుని బతిమాలి పగటి షిఫ్టుకి మారాడు.

ఇప్పుడు ఇంకో మాట చెప్పాలి. నవంబరులో ఒక ఆదివారం మా ఇంట్లో వీడియో కాల్. తెరకి అటువైపు బావ పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు, లుంగీ మోకాళ్ళ దాకా. కాళ్ళ మీద పాప బోర్లా ఉంది. ఇటువైపు మా అవ్వ కళ్ళజోడు పెట్టుకుని ఆర్డర్లు వేస్తోంది. "నీళ్ళు ముందు నీ చేతి మీద పోసి చూడు నాయనా. తల మీద పొయ్యేటప్పుడు నుదురుకి చెయ్యి అడ్డం పెట్టు, కంట్లోకి పోకుండా. అట్లా కాదు, మడమలు కలుపు, జారిపోతుంది." పాప ఏడ్చింది, బావకి చెమట పట్టింది. అయినా పోశాడు. అవ్వ ఫోన్ పెట్టేసి, "మగపిల్లాడికి నేర్పడం ఇదే మొదటిసారి. చెయ్యి మెత్తన" అన్నది. డెబ్భై రెండేళ్ళ మనిషి. మా వీధిలో ఎంతమంది పిల్లలకి నీళ్ళు పోసుంటుందో లెక్కలేదు. అడిగేవాడు లేక నేర్పలేదంతే.

అందుకని నేనంటాను, పుట్టింటికి పంపండి, మానొద్దు, కానీ అల్లుణ్ణి కుర్చీలోంచి లేపండి. వచ్చిన రెండు రోజులూ పాప గుడ్డలు ఆయన్ని ఉతకనివ్వండి. రాత్రి ఒకసారి ఆయన్ని లేపండి. చొక్కా విప్పి బిడ్డని ఛాతీకి ఆనించుకుని పడుకోబెట్టుకోవడం తండ్రి కూడా చెయ్యొచ్చు, నెలలు తక్కువ పిల్లలకైతే డాక్టర్లే చెప్పి చేయిస్తారు. పాలివ్వడం ఒక్కటే ఆయన వల్ల కాదు. ఇక కాన్పుకి ముందు ఆయనకి తెలియాల్సినవి జాతకం కంటే చిన్న చీటీలో పడతాయి: తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, మొహం వాపు, రక్తం పోవడం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. దూరంగా ఉన్న భర్త కూడా ఫోన్లో "తిన్నావా?" తర్వాత "బిడ్డ కదులుతోందా?" అని అడగొచ్చు. మా బావ తొమ్మిది నెలలూ "తిన్నావా?" అని మాత్రమే అడిగాడు. ఇంకేం అడగాలో ఎవరూ చెప్పలేదు.

తర్వాతి బిడ్డ ఎప్పుడు, అసలు కావాలా అన్నది కూడా ఇద్దరి మాటే. అదే సర్వేలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నది పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 38 శాతం, వాళ్ళ భర్తల్లో 0.3 శాతం. మగవాళ్ళ ఆపరేషనే చిన్నది, తొందరగా మానేది. ఈ అంకె చూశాక నాకు వేరే వాదన అక్కర్లేదనిపించింది.

కాన్పుకి మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరు మీద ఉంది. మా అక్క కూడా దానికి పేరు రాయించింది. 1914లో సుందర రెడ్డి గారితో పెళ్ళికి ఒప్పుకునేటప్పుడు ఆవిడ ఒక షరతు పెట్టారట, తనని సమానంగా చూడాలని, తన ఇష్టాలకి అడ్డు రాకూడదని. ఆయన ఒప్పుకున్నారు. నూట పదేళ్ళు దాటింది. పెళ్ళికి ముందే అడగడం సిగ్గులేనితనం అనేవాళ్ళ కోసం చెప్తున్నా.

ఎందుకంటే మా ఇంట్లో ఇప్పుడు నా వంతొచ్చింది. డిగ్రీ అయ్యాక చూద్దాం అంటూనే మా మామ కొడుకు పేరు రోజుకి రెండుసార్లు వినిపిస్తోంది. మేనరికం మన ఇళ్ళల్లో కొత్త కాదు, మా అమ్మానాన్నలదీ మేనరికమే. నేను బాగానే ఉన్నాను. అయినా దగ్గర రక్తంలో ఒకే లోపం ఇద్దరి దగ్గరా దాగి ఉండే అవకాశం ఎక్కువ, బిడ్డకి పుట్టు లోపాల ప్రమాదం బయటివాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు అని చదివాను. తలసీమియా జన్యువు ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. నాకు మామ కొడుకు మీద కోపం లేదు, మంచివాడే, చిన్నప్పుడు నా సైకిల్ పంచరు వేయించేవాడు. నేను అమ్మతో అన్నది ఇంతే: జాతకాలు తర్వాత, ముందు ఇద్దరం రక్తపరీక్ష చేయించుకుంటాం. రెండోది, మొదటి నెల పాపని రాత్రిపూట ఎవరు ఎత్తుకుంటారో నేను వాణ్ణే అడుగుతాను.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "పెళ్ళే కాలేదు, అప్పుడే పిల్లల మాటా? విన్నవాళ్ళు ఏమనుకుంటారే?" అన్నది. నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆయనకి కోపమొస్తే తమిళంలో తిడతాడు, కాబట్టి నేను తమిళం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి లేచి చొక్కా జేబులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీశాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇందులో నా గ్రూపు లేదే" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. శనివారం ల్యాబు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోమన్నాడు.